వందకు రెండు అంట్లు: పెరటి పండ్ల మొక్కల బేరంపై ఒక సమీక్ష

తొలకరి పడిందంటే శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో మొక్కల బళ్లు తిరగడం మొదలవుతుంది. టాటా ఏస్ వెనక మెట్లు కట్టినట్టు పేర్చిన నల్ల సంచులు, పైన మైకు. కడియం మొక్కలని, వెంటనే కాపుకొస్తాయని రికార్డు చేసిన గొంతు వీధి మలుపు నుంచే వినిపిస్తుంది. బేరమాడితే అంటు మామిడి మొక్క కిలో బంగినపల్లి పళ్ల ధరకే వచ్చేస్తుంది. ఇంగ్లండ్, జర్మనీల్లో ఆల్డి, లిడ్ల్ లాంటి చవక దుకాణాలు చలికాలం చివర కూరగాయల పక్కనే ఆపిల్, పియర్ మొక్కలు పెట్టి అమ్ముతాయి. మన దగ్గర ఆ పని ఈ బండి చేస్తోంది, వారపు సంత చేస్తోంది, ఈమధ్య కొరియర్ డబ్బా కూడా చేస్తోంది.

ఇంత చవక మొక్కను పెరట్లో పాతవచ్చా? అడగడానికి చిన్న ప్రశ్నే. కొనేవాళ్లు ఒకటంటారు, ఉద్యానశాఖ వాళ్లు ఇంకొకటంటారు, నాటు రకాల అభిమానులు మూడోది అంటారు. ఎవరి మాటనూ తోసిపారేయలేం. చిక్కల్లా ఒకటే: ఒకరు జామను తలుచుకుని మాట్లాడుతుంటే ఇంకొకరు కొబ్బరిని తలుచుకుని జవాబు చెబుతున్నారు.

కుండ చెట్టు దగ్గరికి వెళ్లిన కాలం

అంటు ఎందుకు చవకైందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. పాత పద్ధతి దగ్గరంటు. టెంక నుంచి మొలిచిన మొక్కను కుండతో సహా తల్లిచెట్టు కిందికి మోసుకెళ్లాలి. మంచె కట్టి, కొమ్మ అందే ఎత్తులో కుండ నిలబెట్టి, రెండింటి బెరడూ చెక్కి కలిపి కట్టాలి. అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ కుండకు నీళ్లు పోస్తూనే ఉండాలి. ఒక చెట్టుకు కట్టగలిగే అంట్లు కొన్నే కాబట్టి ధర ఎక్కువ. అయితే మొక్క ఏ చెట్టుదో కట్టినవాడికి కళ్లెదుటే కనిపించేది. సువర్ణరేఖ అంటు కావాలంటే సువర్ణరేఖ చెట్టు కిందే కూర్చోవాలి మరి.

తరవాత టెంకంటు వచ్చింది. మొలిచి పది పదిహేను రోజులైన, ఆకులింకా రాగిరంగులో ఉన్న లేత మొక్క తల కోసి, చీల్చి, అందులో మూడు నాలుగు నెలల వయసున్న కొమ్మ ముక్క దించి టేపు చుడతారు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే జులై, ఆగస్టు నెలల్లో కోస్తాలో ఇది బాగా అతుకుతుంది. చేయి తిరిగిన కూలీ ఒక్కడే రోజుకు వందల అంట్లు కట్టేస్తాడు. ఇప్పుడు కుండ చెట్టు దగ్గరికి పోనక్కర్లేదు, కొమ్మలే గోనెసంచిలో కట్టలుగా నర్సరీకి వస్తాయి. మొక్క ధర పడిపోయింది ఇందువల్లే, మొక్క పుట్టుక చెరిగిపోయిందీ ఇందువల్లే. ఏ కట్ట ఏ చెట్టుదో రాసిపెట్టే నర్సరీలు ఉన్నాయి. రాయని చోట బంగినపల్లి, కలెక్టరు మామిడి రకాలు కలిసిపోతే ఆ ఆకుల్ని చూసి విడదీయగలిగేవాళ్లు తక్కువ.

గోదావరి ఒండ్రు, కాలవ నీరు, రాజమండ్రి పక్కన రహదారి, పనితనం తెలిసిన కుటుంబాలు. ఇవన్నీ కలిసి కడియం, కడియపులంక ప్రాంతాన్ని దేశంలోనే పేరున్న నర్సరీ సీమగా చేశాయి. అక్కడి నుంచి శ్రీకాకుళానికి దాదాపు 300 కిలోమీటర్లు. సాయంత్రం లారీకెక్కిన మొక్క తెల్లారేసరికి సంతలో ఉంటుంది. అక్కడ రకం పేరు, తల్లిచెట్టు వివరం రాసుకుని అమ్మే నర్సరీలున్నాయి. మిగిలిపోయిన సరుకును గంపగుత్తగా బళ్లకెత్తే వ్యాపారమూ ఉంది. కొనేవాడికి మాత్రం రెండూ ‘కడియం మొక్కే’.

అక్టోబరు గాలులు పెంచిన గిరాకీ

ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్నకు ఇంకెక్కడా లేని తొందర ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చాయి. పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను వేళ్లతో పెకలించేసింది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటి పెరడంటే ఒక చిన్న తోటే. కొబ్బరికాయ, పనసకాయ, జీడిపిక్క ఇంటి ఖర్చులకు ఆదుకునే పంటలు. అలాంటి పెరడు ఒక్క రాత్రిలో బోసిపోతే వచ్చే తొలకరికి మొక్క ఎక్కడ దొరికితే అక్కడ కొనక తప్పదు. ప్రభుత్వం ఇచ్చేవి చాలవు, ఊళ్లో విత్తనపు కాయ మిగలదు, బండి మాత్రం గుమ్మంలోకి వస్తుంది. చవక మొక్కకు ఉద్దానంలో గిరాకీ పెరగడాన్ని జనం పిసినారితనంగా చూసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఇక్కడే ఇంకో లెక్క ఉంది. నాటు పొడుగు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఫైలిన్ పోయిన మరుసటి వానలకు నాటిన మొక్క తిత్లీ నాటికి నాలుగేళ్లది. ఒక్క కాయ ఇవ్వకుండానే రెండో తుపాను చూసింది. మూడు నాలుగేళ్లకే కాచే పొట్టి రకాల మీద మోజు అలా బలపడింది. కానీ పొట్టి రకాల మొదలు సన్నం, ఎద్దడికి ఓర్చుకోవడమూ తక్కువే. నీటి వసతి ఉన్న పెరట్లో నప్పేది ఉద్దానం ఇసుక గరువులో నప్పాలని లేదు.

మూడు పక్షాలు

చవకే మేలనేవారి వాదం సూటిగా ఉంటుంది. నాలుగు మొక్కలు పెడితే రెండు బతుకుతాయి, ఒకటి మంచిదైనా గిట్టినట్టే. పేరున్న నర్సరీకి పోను రాను చార్జీలే మొక్క ధరకు మించుతాయి. బండి లేకపోతే ఎందరో అసలు మొక్కే నాటేవారు కాదు. ఈ ఆఖరి మాటకు జవాబు చెప్పడం కష్టం. సర్కారు ఉచితంగా ఇచ్చే మొక్క కూడా ఈ లెక్కలోదే. 1950లో దేశంలో వన మహోత్సవం మొదలైనప్పటి నుంచీ ఏదో ఒక పేరుతో మొక్కల పంపిణీ సాగుతూనే ఉంది. పంచేవాటిలో ఉసిరి, నేరేడు, సీతాఫలం లాంటి గింజ మొక్కలే ఎక్కువ కాబట్టి రకం ఏమిటని ఎవరూ అడగరు.

నమ్మకమైన మొక్కే కొనాలనేవారు ఉద్యాన శాస్త్రవేత్తలు, తోటల రైతులు. వీళ్ల లెక్క గొయ్యి తవ్వడంతో మొదలవుతుంది. మూడడుగుల గొయ్యికి కూలి, గత్తం, కంచె, రెండు మూడు వేసవులు మోసిన నీళ్లు కలిపితే మొక్క ధర అందులో చిల్లర. ఆ చిల్లరలో సగం మిగుల్చుకోవడానికి ఏళ్ల శ్రమను పందెం కాయడమేమిటని అడుగుతారు. పదిసెంట్ల దొడ్డి మూడుసెంట్లకు కుదించుకుపోయిన టౌన్లలో ఈ మాటకు బలం రెట్టింపైంది. ఉన్నది ఒక్క చెట్టుకే చోటైనప్పుడు నాలుగు నాటి ఒకటి ఉంచుకునే వీలుండదు.

టెంక పక్షం మూడోది. వీళ్లకు బండీ అక్కర్లేదు, నర్సరీ అక్కర్లేదు. తిన్న పండు గింజే నాటాలి, ఉన్నచోటే మొలవాలి, తల్లివేరు తెగకుండా లోతుకు దిగాలి, అప్పుడే గాలికి నిలబడుతుందంటారు. ఉద్దానం పనస తోపులు తరతరాలుగా చాలావరకు గింజ నుంచి పెరిగినవే. మనం రకాలని పిలుచుకునే మామిళ్లు కూడా ఎప్పుడో ఎక్కడో టెంక నుంచి మొలిచిన చెట్లే కదా. ఆ మాట నిజమే. అయితే ఒక మంచి చెట్టు దొరికేలోపు ఎన్ని పులుపు చెట్లు పొయ్యిలోకి పోయాయో ఆ చరిత్ర ఎవరూ రాయలేదు. టెంక మామిడి కాపుకు ఆరు నుంచి పదేళ్లు పడుతుంది, అంటు మామిడికి మూడు నాలుగేళ్లు చాలు.

ఏ చెట్టు లెక్క ఆ చెట్టుదే

మొక్క మీద వచ్చిన పొరపాటు ఎన్నాళ్లకు బయటపడుతుంది, బయటపడ్డాక సరిదిద్దుకోగలమా అన్న రెండు కొలతలతో చూస్తే ఈ మూడు పక్షాల తగవు చాలామట్టుకు సర్దుకుంటుంది.

నిమ్మతో మొదలుపెడదాం. నిమ్మగింజ ఒక్కదాంట్లోనే చాలా పిండాలుంటాయి, వాటిలో ఎక్కువ తల్లి కణజాలం నుంచే పుట్టేవి. అందుకని గింజ మొక్క చాలావరకు తల్లి లాగే కాస్తుంది. ఆకుల మీద గజ్జి మచ్చలు లేకుండా చూసుకుంటే చవక నిమ్మ మొక్కతో పెద్ద చేటు లేదు. జామ ఇంకా సులువు. గూటీ కట్టిన, అంటే కొమ్మకే వేళ్లు పుట్టించిన జామ రెండేళ్లలో కాస్తుంది, తైవాన్ పింక్ అయితే ఏడాదిలోపే. లక్నో-49 అని చెప్పి ఇంకేదో ఇచ్చారనుకున్నా తొందరగానే తెలుస్తుంది. కొట్టేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. అరటికి అసలు బండి ఎందుకు? పక్కింటి చక్కెరకేళి గెల చూసి, కత్తుల్లాంటి సన్నాకులున్న సూది పిలక అడిగి తెచ్చుకుంటే సరి.

బొప్పాయి సంగతి వేరు. నాటు బొప్పాయిలో ఆడ మగ చెట్లు విడివిడిగా ఉంటాయి, పూత వచ్చేదాకా ఏది ఏదో దేవుడికే తెలియాలి. ఒక్క మొక్క కొనడం జూదం. చవకగా దొరికినప్పుడు గోతికి మూడేసి పెట్టి, పూతకొచ్చాక మగవాటిని తీసేయడం తెలివైన పని. చవక మొక్కే సరైన మొక్క అయ్యే చోటు ఇది. తైవాన్ నుంచి వచ్చిన రెడ్ లేడీ సంకరంలో ఒట్టి మగ చెట్లు రావు, కానీ ఆ పండు గింజలు మళ్లీ మొలిపించి రెడ్ లేడీ పేరుతో అమ్మితే అదే గుణం ఉంటుందన్న హామీ ఉండదు.

సపోటా దగ్గరికి వస్తే చవకతనం వేళ్లలో దాక్కుంటుంది. మంచి సపోటాను పాల అనే చెట్టు మొక్క మీద అంటు కడతారు. పాల మొక్క బహు నిదానంగా పెరుగుతుంది, అంటుకు పనికొచ్చే లావు తేలడానికే రెండేళ్లు పట్టవచ్చు. ఆ ఆలస్యానికి ధర పడుతుంది. తొందరగా, చవకగా కావాలంటే కొమ్మకు గూటీ కట్టి వేళ్లు పుట్టిస్తారు. అదీ కాలిపత్తి రకమే, అదీ తీపే. తల్లివేరు మాత్రం ఉండదు. గాలి లేని ఊళ్లో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదేమో, తీరాన ఉన్న భావనపాడులోనో భోగాపురంలోనో పట్టించుకోవాలి.

మామిడిలో పొరపాటు మూడు నాలుగేళ్లకు గానీ తేలదు. తేలాక కొమ్మలు కొట్టి చిగుళ్ల మీద మళ్లీ అంటు కట్టించుకోవచ్చు కాబట్టి పూర్తిగా మునిగినట్టు కాదు. ఆ పని తెలిసినవాడు దొరకాలి. ఇంకో సంగతి. ఇంగ్లండులో ఆపిల్ మొక్కకు ఎం-9 అనో ఎంఎం-106 అనో అడుగు మొక్క పేరుంటే, చెట్టు ఎంత ఎత్తవుతుందో ముందే చెప్పేయవచ్చు. చవక దుకాణం మొక్కల మీద అక్కడివాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి ఆ పేరు చాలాసార్లు రాయడం లేదని. మన మామిడికి అడుగున ఉండేది ఊరూపేరూ లేని నాటు టెంకే, ఖరీదైన నర్సరీలోనైనా సరే. కాబట్టి ఎక్కువ ధర పెడితే పొట్టి చెట్టు వస్తుందన్న భ్రమ వద్దు. చిన్న పెరడుకు ఆమ్రపాలి లాంటి, స్వభావంచేతనే గుబురుగా పొట్టిగా పెరిగే రకం ఎంచుకోవాలి.

కొబ్బరి ఒక్కటి బేరానికి లొంగదు. దానికి అంటు లేదు, కొమ్మ లేదు, కాయ నుంచి రావలసిందే. కొట్టేస్తే మళ్లీ చిగుర్చదు, మార్చి కట్టడానికి వీల్లేదు. తప్పు తెలిసేసరికి ఆరేడేళ్లు పోయుంటాయి. పొడుగు రకానికి గంగాబొండాం కలిపి చేసిన గోదావరి గంగ సంకరం మంచిదే, కానీ ఆ సంకరపు చెట్టు కాయనే పాతి మొలిపిస్తే పిల్ల తల్లిలా ఉండదు. బండి మీది ‘హైబ్రిడ్ కొబ్బరి’ ఏ కాయ నుంచి వచ్చిందో అడిగితే జవాబుండదు. అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రం, వేగివాడలో కొబ్బరి అభివృద్ధి బోర్డు నడిపే విత్తన క్షేత్రం ఉన్నది ఇలాంటి అవసరాలకే. అంత దూరం పోలేనివారికి ఊళ్లో మూడు తుపాన్లకూ నిలిచి ఇప్పటికీ గెలలు దించుతున్న ముసలి చెట్టు కాయ ఏ బండి మొక్కకన్నా మేలు.

బండి దగ్గర కంటికి కనిపించేవి

రకం కనిపించదు గానీ ఆరోగ్యం కనిపిస్తుంది. మామిడి అంటును చేతిలోకి తీసుకుంటే ముందు అతుకు చూడాలి. మట్టికి జానెడు ఎత్తులో, పైభాగం కిందిభాగం ఒకే లావులో కలిసిపోయి ఉండాలి. టేపు విప్పకుండా వదిలేస్తే బెరడులోకి కోసుకుపోయి అక్కడ మెడ నొక్కినట్టు సన్నబడుతుంది. అతుకు కింద నుంచి చిగుళ్లు లేచి పచ్చగా ఉండి, పైన కొమ్మ వాడి ఉంటే మనం కొంటున్నది టెంక మొక్కనే. కాండం పట్టుకుని కొద్దిగా కదపాలి. సంచిలో మట్టి కదలకుండా మొక్క ఒక్కటే ఊగితే నిన్నో మొన్నో నేలలోంచి పీకి సంచిలో పెట్టారని అర్థం. సంచి అడుగు చించుకుని లావు వేరు బయటికొచ్చి ఉంటే లోపల వేళ్లు చుట్టలు చుట్టుకున్నాయి. చిన్న మొక్కకు పిందె వేలాడితే చాలామంది సంబరపడతారు. పిందె చెప్పేది ఒకటే, అది టెంక మొక్క కాదని. రకం గురించి అది హామీ ఇవ్వదు, పైగా ఆ పిందె తెంపేయడమే మొక్కకు మంచిది.

కొబ్బరి మొక్కకైతే ఏడాది వయసులో ఆరు ఆకులు, మొదలు దగ్గర పది సెంటీమీటర్ల చుట్టుకొలత ఉండాలన్నది శాస్త్రజ్ఞుల కొలమానం. పొడుగ్గా సాగి సన్నగా ఉన్న మొక్క చూపుకు పెద్దది, పనికి చిన్నది.

ఆకు తిప్పి చూడటం మరవకూడదు. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో కనిపించింది. కొద్ది కాలానికే గోదావరి జిల్లాల కొబ్బరి మీదికీ వచ్చిపడింది. ఆకు అడుగున తెల్లని మైనపు పొడి సుడులు సుడులుగా, కింది ఆకుల మీద నల్లని మసి. ఇలాంటి పురుగులు దూరాలు దాటేది ఎక్కువగా మొక్కల లారీల్లోనే. చవక మొక్కకూ ఖరీదు మొక్కకూ ఇక్కడ తేడా లేదు. కాకపోతే నర్సరీలో ఏదో ఒక తనిఖీ ఉంటుంది, బండికి లేదు. ఒక పెరట్లో దిగిన తెల్లదోమ ఊరి కొబ్బరంతటికీ పాకుతుంది కాబట్టి ఇది కొన్నవాడి సొంత నష్టంతో పోయే వ్యవహారం కాదు.

మరో రకం మోసం పేర్లతో జరుగుతుంది. కిలో లక్షల్లో పలుకుతుందంటూ అమ్మే ‘మియాజాకి’ మామిడి నిజానికి ఫ్లోరిడాలో పుట్టిన ఇర్విన్ రకం. మియాజాకి అన్నది దాన్ని పండించి వేలం వేసే జపాన్ ప్రాంతం పేరు. ఆ ధర అక్కడి గాజుగదుల సాగుకు, ఒక్కో పండును ఏరి గ్రేడు చేసే పద్ధతికి. పాలకొండ పెరట్లో కాసే ఇర్విన్‌కు ఆ ధర ఎవరూ కట్టరు. ఆపిల్ రేగును ఆపిల్ అని అంటగట్టడం పాత కథే.

చట్టం ఆగిపోయే చోటు

ఉద్యాన నర్సరీల నమోదును తప్పనిసరి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో చట్టం వచ్చింది. కానీ అది చిరునామా ఉన్నవాడికే తగులుతుంది. లైసెన్సు రద్దు చేయడానికి బండికి లైసెన్సేదీ? బిల్లు లేని చోట వినియోగదారుల కమిషన్ కూడా ఏం చేయలేదు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది, అదీ ఆంధ్ర రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద నడిపిన కేసుల్లోనే. ఆ తీర్పు వెలుగులో మొక్క కొన్నవాడూ తలుపు తట్టవచ్చు. అయితే ఫిర్యాదుకు మామూలు గడువు రెండేళ్లు, మామిడి కాపుకొచ్చేది నాలుగో ఏడు. గడువు కొన్న రోజు నుంచా, తప్పు తెలిసిన రోజు నుంచా అనే వాదన లాయర్లకు తిండి పెడుతుంది గానీ వంద రూపాయల మొక్క కోసం కోర్టుకెక్కేదెవరు?

తేలనివి

గాలికి ఏది నిలుస్తుందన్న తగవు అలాగే ఉంది. టెంక మొక్క తల్లివేరు లోతుకు పోతుందనేది నిజమే, ఉన్నచోటే మొలిచినప్పుడు. సంచిలో ఏడాదిన్నర పెరిగిన టెంక మొక్కకు ఆ తల్లివేరు ఎప్పుడో వంకర తిరిగి ఉంటుంది. తోటలోనే టెంక నాటి, మొలిచాక అక్కడే అంటు కట్టడం రెండు పక్షాలకూ నచ్చాల్సిన మధ్యేమార్గం. శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తారు. పెరటివాళ్లలో చేసేవాళ్లు తక్కువ, ఎందుకంటే కొమ్మ తెచ్చి కట్టే మనిషి కావాలి, బండి దాన్ని అమ్మదు.

బండి వ్యాపారాన్ని నిషేధించాలా, నమోదు చేయాలా అన్నది రెండోది. నిషేధిస్తే మారుమూల పల్లెలకు మొక్క చేరదు. నమోదు చేసి, సంచి మీద నర్సరీ పేరు, రకం, అంటు కట్టిన నెల రాయాలంటే మొక్కకు పెద్దగా ఖర్చుండదు. ఆ పాటి పని ఎందుకు జరగడం లేదన్న ప్రశ్నకు నర్సరీల సంఘాలూ శాఖవారూ ఒకరివైపు ఒకరు చూసుకుంటారు.

మూడోది రకాల సంగతి. బండి మీద అందరికీ తెలిసిన పేరే అమ్ముడవుతుంది, అందుకని బంగినపల్లి ఉంటుంది, మియాజాకి ఉంటుంది. సుందరి అని కూడా పిలిచే సువర్ణరేఖ ఈ ప్రాంతపు సొంత మామిడి, దక్షిణ ఒడిశా దాకా దానికి పేరుంది. దాని సంగతి ఫరవాలేదు. పణుకులు లాంటి మామిడి రకాలను అడిగేవాళ్లు తగ్గితే కట్టేవాళ్లూ తగ్గుతారు. ఆముదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, పార్వతీపురం ఉద్యాన కళాశాల దగ్గర్లోనే ఉన్నాయి. ఊళ్లోని తల్లిచెట్ల కొమ్మలతో జులైలో టెంకంట్లు కట్టడం డ్వాక్రా సంఘాలు నేర్చుకోగలిగిన పనే. అలా కట్టిన మొక్కల్ని సంతలో అమ్మాలంటే ఆ సంఘం కూడా 2010 చట్టం కింద నర్సరీగా నమోదు కావాలా, పెరటి అమ్మకమని మినహాయించాలా అన్నది తేల్చుకోవాల్సిన ప్రశ్నే.